జేజికి పువ్వు ఎవరు పెడతారు?

మీ ఇంట్లో రెండేళ్ళ పిల్లో, మూడేళ్ళ పిల్లాడో ఉన్నారా? అయితే ఈ కబుర్లు మీకోసమే. కాస్త తీరిక చేసుకుని కూచోండి. వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్నా ఫరవాలేదు. మధ్యలో దిగి పరిగెడితే మీరూ వెనకాలే వెళ్ళండి, తిరిగొచ్చాక మళ్ళీ మాట్లాడుకుందాం.

పసివాళ్ళకి దేవుడి సంగతి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న మాట వచ్చినప్పుడల్లా ఇళ్ళల్లో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒక గొంతు "వాడికి ఇప్పుడేం తెలుస్తుంది, ఊహ తెలిశాక చూద్దాంలే" అంటుంది. ఇంకో గొంతు, మాటలు తిరక్కముందే శ్లోకాలు బట్టీ పట్టించి, చుట్టాలు గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏదమ్మా, తాతగారికి శ్లోకం వినిపించు" అంటుంది. ఈ రెండు గొంతులూ పసివాణ్ణి సరిగ్గా గమనించలేదని నాకనిపిస్తుంది. వాడికేమీ తెలియదనుకోవడం పొరపాటు. మాటలతోనే తెలుస్తుందనుకోవడం ఇంకా పొరపాటు. ఆ వయసులో తెలివంతా చేతుల్లో, కాళ్ళల్లో, నోట్లో ఉంటుంది. పట్టుకుంటాడు, విసురుతాడు, నాకుతాడు, మనమేం చేస్తే అది చేస్తాడు. అందుకని నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పసివాడికి దేవుడి గురించి పాఠం చెప్పకండి, దేవుడి పనిలో వాడికో వాటా ఇవ్వండి.

పొద్దున్న పూజతో మొదలుపెడదాం. చాలా ఇళ్ళల్లో పూజవేళకి పిల్లాడి చేతిలో ఫోను పెట్టి పక్కగదిలో కూచోబెడతారు. గంట లాగేస్తాడని, అక్షింతలు ఒలకబోస్తాడని, దీపం ముట్టుకుంటాడని భయం. భయంలో న్యాయం ఉంది. కానీ ఇంట్లో అందరూ ఎంతో శ్రద్ధగా చేస్తున్న ఒక పని తను లేకుండా జరుగుతోందని వాడికి రోజూ తెలుస్తూనే ఉంటుంది కదా! దానికి బదులు వాడికో ఉద్యోగం ఇచ్చి చూడండి. ఏడాదిన్నర పిల్ల మందారపువ్వు పట్టుకొచ్చి మీ చేతిలో పెట్టగలదు. రెండేళ్ళవాడు తడిగుడ్డతో కింది వరస పటాలు తుడవగలడు. ఇంకాస్త పెద్దయితే ఒక్కో పటానికి ఒక్కో పువ్వు పెట్టగలడు. రాముడికి ఒకటి, అమ్మవారికి ఒకటి, ఆంజనేయస్వామికి ఒకటి. లెక్కలన్నిటికీ మొదటి మెట్టయిన ఒకటికి ఒకటి చొప్పున జతచెయ్యడం అక్కడే మొదలవుతుంది. మూడేళ్ళకి హారతి అయ్యేదాకా గంట వాయించే పని పూర్తిగా అప్పజెప్పొచ్చు. పువ్వు పటంమీద కాకుండా పీటమీద పడినా మళ్ళీ సర్దకండి. వాడు పెట్టినచోటే ఉండనివ్వండి. సర్దితే, తన పని చెల్లలేదని ఆ చిన్నవాడికి అర్థమైపోతుంది.

మారియా మాంటిసోరీ పేరు వినే ఉంటారు. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మనదేశంలోనే ఉండిపోయింది. రెండేళ్ళ పిల్లలకి క్రమం అంటే ప్రాణమనీ, వస్తువు రోజూ ఉండేచోట లేకపోతే, పని రోజూ జరిగే వరసలో జరక్కపోతే వాళ్ళు కలవరపడతారనీ ఆవిడ గమనించింది. ఇప్పుడు మన పూజ వరస చూడండి. ముందు స్నానం, తరవాత దీపం, బొట్టు, పువ్వు, నైవేద్యం, హారతి, ప్రసాదం. రోజూ అదే వరస. పసివాడు కోరుకునేది సరిగ్గా ఇదే. నాలుగు రోజులు చూశాక, బొట్టు పెట్టకుండా పువ్వు పెట్టబోతే వాడే మిమ్మల్ని ఆపుతాడు.

ఇక్కడ భద్రత మాట తప్పకుండా చెప్పుకోవాలి. దీపం ముందు పసివాణ్ణి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. పూజ అయ్యాక కుందిని వాడికి అందని ఎత్తులో పెట్టండి. అంతకన్నా ముఖ్యం కర్పూరం డబ్బా. తెల్లగా మెరిసే ఆ బిళ్ళలు పటికబెల్లమనుకుని పిల్లలు నోట్లో వేసుకుంటారు. కర్పూరం కొద్దిగా మింగినా పసివాళ్ళకి ఫిట్స్ రావొచ్చు. పొరపాటున మింగితే ఇంటి వైద్యాలు చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దీపం నూనె సీసా, అగ్గిపెట్టె, కర్పూరం, ఈ మూడూ పై అరలోకి వెళ్ళిపోతే మిగతా పూజగదంతా వాడిదే.

నైవేద్యం దగ్గర ఇంకో గొప్ప పాఠం ఉంది. గిన్నెలో చక్కెరపొంగలి ఘుమఘుమలాడుతుంటే "జేజి తిన్నాక నీకు" అంటాం. రెండేళ్ళవాడికి ఆగడం చాలా కష్టం. వాడు ఆగగలిగేది అర నిమిషమో, ఒక నిమిషమో. అందుకని గంటసేపు పూజ చేసి అప్పటిదాకా ఆగమనడం అన్యాయం. వ్రతాలూ పెద్దపూజలూ ఉన్నరోజు పసివాడికి ముందే కడుపునిండా పెట్టేయండి, ఏ దేవుడూ కోప్పడడు. మామూలు రోజుల్లో మాత్రం కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, జేజికి చూపించేంతసేపు ఆగమనండి. కళ్ళు మూసినట్టు మూసి వేళ్ళ సందులోంచి చూస్తాడు. చూడనివ్వండి. తరవాత ప్రసాదం పంచే పని వాడికే ఇవ్వండి. "నాది, నాది" అని ప్రతిదీ గుండెకి హత్తుకునే వయసు అది. తన బొమ్మ ఇంకొకరికి ఇమ్మంటే ఇవ్వడు. కానీ ప్రసాదం మొదటినుంచీ తనది కాదు, అందరిదీ. నానమ్మకి ఒక ముక్క, పనికొచ్చే అత్తకి ఒక ముక్క, వాచ్‌మన్ తాతకి ఒక ముక్క. ఇవ్వడంలో ఉన్న సంతోషాన్ని నోటితో చెప్పకుండా నేర్పే దారి ఇంతకన్నా నాకు తెలియదు.

పండగల్లోకి వద్దాం. పసివాళ్ళకోసమే పుట్టిన పండగ ఏదంటే నేను వినాయక చవితి అంటాను. ఎందుకంటే అందులో మట్టి ఉంది. ఆ రోజు మట్టి పిసకనిచ్చిన ఇంట్లో పిల్లాడి ఆనందం చూసి తీరాలి. మీరు విగ్రహం చేస్తూ ఒక ముద్ద వాడి చేతిలో పెట్టండి. వాడు చేసింది వినాయకుడిలా ఉండక్కర్లేదు. ఒక పెద్ద ఉండ, దానిమీద చిన్న ఉండ, చెవులకి రెండు ఆకులు, చాలు. ఆ ముద్దని మీ విగ్రహం పక్కనే పీటమీద పెట్టి, దానికీ పసుపూ కుంకుమా పెట్టి, దానికీ పత్రి వెయ్యండి. తన చేతుల్లో పుట్టినదానికి ఇల్లంతా దణ్ణం పెట్టడం ఏ పిల్లాడూ తేలిగ్గా మరిచిపోడు.

పత్రి అంటే ఆ రోజు ఇరవై ఒక్క రకాల ఆకులు. మాచిపత్రి, మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, దానిమ్మ, మరువం, వావిలి, జమ్మి, రావి, మద్ది... ఆకుల్ని చేత్తో పట్టుకుని, వాసన చూసి, గుర్తుపట్టించే బడి ఏడాదికోసారి మన గుమ్మంలోకే వస్తుంది. మరువం నలిపి వాసన చూపించండి. మారేడుకి మూడేసి ఆకులుంటాయని చూపించండి. గరిక ఎంత సన్నగా ఉందో, రావి ఆకు కొన ఎంత పొడుగో వేలితో తడిమించండి. కానీ అదే బుట్టలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉంటాయి. ఉమ్మెత్తా గన్నేరూ విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి ఆ మూడింటినీ ముందే విడిగా తీసి పెద్దవాళ్ళు వెయ్యాలి. మిగిలినవి వాడి బుట్టలో వేసి వాడిచేత వేయించండి.

నిమజ్జనం ఇంట్లో బకెట్లోనే చెయ్యండి. మట్టి మెత్తబడి కరిగిపోతుంటే పసివాడు పక్కన కూచుని చూస్తాడు, ఒక్కోసారి ఏడుస్తాడు. "మట్టిలోంచి వచ్చాడు, మట్టిలోకి వెళ్ళాడు, వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు" అని చెప్పి, ఆ నీళ్ళు వాడిచేతే తులసికోటలోనో పూలకుండీలోనో పోయించండి. రావడం, వెళ్ళడం, మళ్ళీ రావడం అన్న పెద్ద సంగతి ఆ చెంబెడు నీళ్ళల్లో వాడికి కనపడుతుంది.

కథల విషయంలో మాత్రం నాదో గట్టి మనవి. దేవుడి కథలన్నీ రెండేళ్ళవాడికి పనికిరావు. వినాయకుడి తల నరికింది వాళ్ళ నాన్నే అన్న కథ మనకి అలవాటైపోయింది కాబట్టి తేలిగ్గా చెప్పేస్తాం. కానీ కథకీ నిజానికీ తేడా తెలియని పసివాడు పక్కనున్న వాళ్ళ నాన్న వంక ఒకసారి చూస్తాడు. హిరణ్యకశిపుడి కడుపు చీల్చిన ఘట్టం, పూతన ఘట్టం కూడా అంతే. నాలుగైదేళ్ళు ఆగండి. ఈలోపు చెప్పడానికి కథలకి కరువా? వినాయకుడు ఎలుకమీద అంత పెద్ద బొజ్జతో ఎలా ఎక్కుతాడో చెప్పండి. ఉడత రాముడికి ఇసుక మోసిన కథ చెప్పండి. అన్నిటికన్నా ముందు చిన్నికృష్ణుడి సంగతులు చెప్పండి. పోతన భాగవతంలో దశమస్కంధం తెరిస్తే కనిపించేది మన ఇంటి పిల్లాడే. మన్ను తిన్నాడు, తినలేదని బొంకాడు, వెన్న దొంగిలించాడు, కుండలు పగలగొట్టాడు, అమ్మ రోలుకి కట్టేస్తే రోలుతోసహా పాకాడు. దేవుణ్ణి అల్లరి చేసే పసివాడిగా ఊహించుకుని, వాడి వెనకాల పరిగెత్తిన యశోదని ధన్యురాలన్న సంప్రదాయం మనది. అన్నమయ్య ఆ కృష్ణుణ్ణి ఉయ్యాలలో వేసి జోలపాట పాడాడు. మీ పిల్లాడు పెరుగు గిన్నె బోర్లించినరోజు ఈ సంగతి మీకే ఎక్కువ అవసరం. కృష్ణాష్టమినాడు బియ్యప్పిండి నీళ్ళల్లో వాడి పాదం ముంచి, గుమ్మందగ్గరనుంచి పూజగదిదాకా నడిపించండి. కృష్ణుడి అడుగులు ఎవరివంటే, ఆ ఇంటి పసివాడివే.

బొమ్మలకొలువు కొన్ని ఇళ్ళల్లో దసరాకి, కొన్ని ఇళ్ళల్లో సంక్రాంతికి పెడతారు. ఏ పండక్కి పెట్టినా కింది మెట్టు పిల్లలకి రాసిచ్చెయ్యండి. పై మెట్ల మీద మట్టిబొమ్మలూ, పోనికికర్రతో చేసిన కొండపల్లి బొమ్మలూ పెట్టుకోండి. కింది మెట్టుకి ఏటికొప్పాక బొమ్మలు సరిగ్గా సరిపోతాయి. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని తరిణి పట్టి, లక్క పూసి చేస్తారు. మూలలు లేకుండా నున్నగా, గుండ్రంగా ఉంటాయి. ఆకులు, గింజలు, బెరళ్ళనుంచి తీసిన రంగుల్ని అక్కడ మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు ప్రకృతి రంగులేనా అని అడిగి, ఊడిపోయే చిన్నముక్కలు లేనివి చూసి తీసుకోండి. రాముణ్ణి లారీలో ఎక్కించి, హనుమంతుడికి అన్నం తినిపించి, ఏనుగుని పడుకోబెట్టి జోకొడితే "దేవుడి బొమ్మతో ఆటలేంటి" అనకండి. ఎత్తుకుని తిరిగినవాళ్ళనే పసివాళ్ళు తమవాళ్ళనుకుంటారు. పేరంటానికి వచ్చిన పిల్లలు కలిసి ఆడకుండా పక్కపక్కన ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటున్నా కంగారొద్దు. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే ఈ పక్కపక్క ఆట గురించి రాసింది. అది ఆ వయసు తీరు.

తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ పసివాళ్ళకి రంగుల బడే. తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప వేరుచెయ్యమంటే మూడేళ్ళ పిల్ల అమ్మమ్మ పక్కన ఎంతసేపైనా కూచుంటుంది. పేర్చడం రాకపోయినా పువ్వు అందించడం వచ్చు, చప్పట్లు కొట్టడం వచ్చు. ఇక భోగినాడు సాయంత్రం అయిదేళ్ళలోపు పిల్లల తలమీద పోసే భోగిపళ్ళు. రేగిపళ్ళు, బంతిరేకులు, చెరకుముక్కలు, చిల్లరడబ్బులు, నానబెట్టిన శనగలు కలిపి పెద్దముత్తైదువలు దిష్టి తీసి పోస్తుంటే, తనని దీవించడానికి ఇంతమంది వచ్చారని పసివాడికి ఏ భాషా అక్కర్లేకుండా తెలుస్తుంది. కాకపోతే శనగలూ, రేగిగింజలూ, నాణేలూ గొంతులో అడ్డంపడే వస్తువులు. చిన్నపిల్లలకైతే పూలరేకులు ఎక్కువ వేసి, మిగతావి పేరుకి వేసి, పోసిన వెంటనే నేల ఊడ్చెయ్యండి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువైన మాట. "అలా చేస్తే కళ్ళుపోతాయి." "జేజి కొడతాడు." "లెంపలేసుకో, లేకపోతే దేవుడికి కోపం వస్తుంది." ఈ మాటలు మన నాలుకలమీద తరాలుగా ఉన్నాయి. అన్నవాళ్ళకి కోపం ఉండదు, పిల్లాడు మాట వింటే చాలన్నదే ఆశ. కానీ వినేవాడికి కళ్ళుపోవడమంటే నిజంగా కళ్ళుపోవడమే. పుస్తకానికి కాలు తగిలినందుకు తన కళ్ళు తీసేసేవాణ్ణి వాడు ఎలా ప్రేమిస్తాడు? దేవుణ్ణి బూచాడికి సాయంగా పిలిస్తే, పెద్దయ్యాక బూచాడితోపాటు దేవుణ్ణీ వదిలేస్తాడు. పుస్తకానికి కాలు తగిలితే "అయ్యో, సరస్వతమ్మ, కళ్ళకద్దుకుందాం" అనండి, ముందు మీరు అద్దుకుని చూపించండి. కుక్కపిల్లని కొడితే "జేజి చూస్తున్నాడు" అనొద్దు. "దానికి నొప్పేసింది, నెమ్మదిగా నిమురు" అని వాడి చెయ్యి పట్టుకుని నిమిరించండి. దయ అలవాటైనవాడికి దేవుడి భయం పెట్టాల్సిన అవసరం రాదు.

ఫోను సంగతి. "దేవుడి పాటలే కదా పెట్టాం" అంటారు కొందరు. తెరమీద ఏది ఆడినా తెర తెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకి తెర అసలు వద్దు. రెండునుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంటకి మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. ఆ కృష్ణుడి పాట మీరే పాడండి. శ్రుతి తప్పినా ఫరవాలేదు, వాడికి కావలసింది మీ గొంతు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్ళు వీడియో కాల్లో అమ్మమ్మ హారతిస్తుంటే ఇక్కడ పిల్లాడిచేత గంట వాయించడం మాత్రం నాకెంతో నచ్చుతుంది. అక్కడ తెరవతల ఉన్నది వాణ్ణి చూసి బదులు పలికే మనిషి.

గుడికి రద్దీరోజుల్లో తీసుకెళ్ళి క్యూలో గంటలకొద్దీ నిలబెట్టకండి. మామూలు రోజు పొద్దున్నే వీధిచివర గుడికి నడిపించుకెళ్ళండి. మూడు ప్రదక్షిణలు లెక్కపెడుతూ తిరగనివ్వండి. ఎత్తుకుని గంట కొట్టించండి. తలమీద శఠగోపం పెడితే వాడికొచ్చే నవ్వు చూడండి. వాడు చాలన్నప్పుడు వచ్చెయ్యండి. అక్షరాభ్యాసం బాసరలో గోదావరి ఒడ్డునున్న జ్ఞాన సరస్వతి సన్నిధిలో చేయించినా, వర్గల్‌లో చేయించినా, ఇంట్లో చేయించినా పలకా బలపంకన్నా ముందు బియ్యప్పళ్ళెం ఉంటుంది. ఆ వయసు వేళ్ళకి బలపం పట్టే బిగువు ఇంకా రాదు, బియ్యంలో వేలితో గీయడం హాయిగా వస్తుంది. ఆ ఒక్కరోజుతో ఆపకండి. వారానికోసారి పళ్ళెంలో బియ్యం పోసి గీతలు గీసుకోనివ్వండి. మరునాటినుంచే పేజీలు నింపించడం మాత్రం వద్దు.

ఇది ఒక్క మతం వాళ్ళకే చెందిన మాట కాదు. క్రిస్మస్‌కి నక్షత్రం కడుతూ పశువులపాకలో గొర్రెపిల్ల బొమ్మని పసివాడిచేత పెట్టించే ఇళ్ళల్లో, బువ్వ తినేముందు చేతులు జోడించి చిన్న ప్రార్థన చేయించే ఇళ్ళల్లో జరిగేది ఇదే. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా వేడుక చేసి, మొదటి అక్షరం పలికించి మిఠాయి పంచే ముస్లిం ఇళ్ళల్లోనూ ఇదే. పక్కింటి సేమ్యాపాయసం మన ఇంటికొచ్చినప్పుడు గిన్నె వాడిచేత అందుకోనివ్వండి, తిరిగి అరిసెలు పెట్టి వాడిచేతే పంపండి. ఎవరి జేజి వాళ్ళకి ముద్దని మూడేళ్ళవాడికి అంతకన్నా బాగా చెప్పలేం.

"ఇంత చేస్తే పెద్దయ్యాక భక్తి నిలుస్తుందా?" అని మీరడగొచ్చు. అది ఎవరూ హామీ ఇవ్వలేరు. పదహారేళ్ళకి వాడి ప్రశ్నలు వాడికుంటాయి, ఉండాలి కూడా. మనం ఇవ్వగలిగింది పునాది. తను ఇచ్చిన పువ్వు చెల్లిందని, తను చేసిన మట్టిముద్దకి ఇల్లంతా దణ్ణం పెట్టిందని, తిండి దొరికితే ముందు పంచుకోవాలని, ముగ్గుపిండి చీమలకీ, చూరుకి కట్టిన వరికంకులు పిచ్చుకలకీ చెందుతాయని వాడి ఒంటికి తెలిసి ఉంటుంది. ఆ తరవాత వాడు ఏ దారిన వెళ్ళినా ఆ దారిలో దయ ఉంటుంది. నాకైతే అది చాలు, మీకూ చాలనే అనుకుంటున్నాను.

ఇదండీ ఇవాళ్టి ముచ్చట. మీ ఇంటి చిన్నవాడికి ఏ ఉద్యోగం ఇచ్చారో, దాన్ని వాడు తనకి నచ్చినట్టు ఎలా మార్చేసుకున్నాడో ఈసారి మీరు చెప్పండి, నేను వింటాను.